రాజకీయ చర్చను అసలు సమస్య మీదికి మళ్లించడం ఎలా?

టీవీలో అయినా, స్నేహితుల మధ్య అయినా రాజకీయ చర్చ ఒకే చోట ఆగిపోతోంది. పింఛన్ పెంచుతామని ఒకరంటారు. డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారని అడిగితే, "మీ హయాంలో మీరేం వెలగబెట్టారు?" అని ఎదురుప్రశ్న. అంతే, లెక్క గాలికి పోతుంది. అధికారం కోరుకోవడమే తప్పని నేననను, అది లేకుండా ఏ చట్టమూ రాదు. కానీ అవతలివాళ్ల మంచి మాటను ఒప్పుకుంటే ఓట్లు పోతాయన్న భయంతో, పనికొచ్చే దారి కళ్లెదుట ఉన్నా వదిలేస్తున్నారు. చూస్తుంటే చాలా బాధగా ఉంది.

ఐర్లాండ్‌లో 2016లో 99 మంది మామూలు పౌరులను యాదృచ్ఛికంగా ఎంపిక చేసి, గర్భస్రావం లాంటి చిక్కు విషయాన్ని నిపుణుల మాటలు విని చర్చించమన్నారు. వాళ్ల సిఫార్సుల తర్వాత 2018లో రెఫరెండం (ఒక విషయంపై ప్రజలే నేరుగా ఓటేసి తేల్చడం) జరిగి రాజ్యాంగమే మారింది. ఎన్నికల్లో గెలవాల్సిన అవసరం లేనివాళ్లు కాబట్టే అది సాధ్యమైందా? (అదొక్కటే కారణమని నేననుకోను.)

అలాంటి ఏర్పాటు లేని మామూలు చర్చలో, ఎవరినీ కించపరచకుండా, ఖర్చెంత, ఎవరికి మేలు, ఎప్పటికి పూర్తవుతుంది అన్న ప్రశ్నల దగ్గర మాటను నిలబెట్టడం మీలో ఎవరికైనా చేతనైందా? ఎలా మొదలుపెట్టారో కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.