చర్చ: బరువు తగ్గితే గర్భసంచి జారడం, మూత్రం చుక్కలు పడడం ఆగుతాయా?

హన్మకొండ ఆడపడుచు:
మా వదినకు 52 ఏళ్లు. దగ్గినా, తుమ్మినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. సాయంత్రం అయ్యేసరికి కింద ఏదో జారినట్లుగా, బరువుగా ఉంటోందని కూడా చెబుతోంది. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్తే, బల్ల మీద పడుకోబెట్టి చూడకుండానే, ముందు బరువు తగ్గి రమ్మని చీటీ రాసి పంపించారు. ఆమె ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 75 కిలోలు. కాబట్టి బరువు ఎక్కువన్న మాటను నేను కాదనను. కానీ ఏనాడూ 45 కిలోలు దాటని మా అమ్మకు కూడా గర్భసంచి జారింది కదా! బరువే కారణమనడం శాస్త్రమా, లేక ఆడవాళ్ల గోడు పూర్తిగా వినకుండా పంపించడానికి దొరికిన సాకా?

కరీంనగర్ ఫిజియోథెరపిస్టు:
అమ్మా, పరీక్ష చేయకుండా పంపించడం ముమ్మాటికీ తప్పే. అలాగని సలహాను సాకు అనలేం. కటి ఎముకల అడుగున జోలెలా పరుచుకున్న కండరాలే మూత్రాశయాన్ని, గర్భసంచిని, పురీషనాళాన్ని మోస్తాయి. పొట్టలో కొవ్వు పెరిగిన కొద్దీ లోపలి ఒత్తిడి రాత్రింబవళ్లు వాటి మీద పడుతూనే ఉంటుంది. అప్పటికే సాగి ఉన్న కండరం, దగ్గు వచ్చిన ఆ ఒక్క క్షణంలో మూత్రనాళాన్ని బిగించి పట్టలేకపోతుంది. అమెరికాలో బరువు ఎక్కువగా ఉండి మూత్రం ఆపుకోలేని 338 మంది స్త్రీలపై ‘ప్రైడ్’ అనే అధ్యయనం జరిగింది, దాని ఫలితాలు 2009లో వచ్చాయి. ఆహారం, వ్యాయామాలతో ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గినవారిలో మూత్రం జారే సందర్భాలు 47 శాతం తగ్గాయి. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారిలో ఆ తగ్గుదల 28 శాతం. మీ వదినగారి విషయంలో 8 శాతమంటే 6 కిలోలు. అది అసాధ్యమైన లెక్కేమీ కాదు.

పరకాల ఆరోగ్య కార్యకర్త:
సార్, ఆ అధ్యయనంలోని స్త్రీల సగటు బరువు 97 కిలోలన్న సంగతి కూడా చెబితే బాగుండేది. నాకు ఊళ్లలో ఎదురయ్యేది అందులో సగం బరువు కూడా లేని ఆడవాళ్లే. చిన్న వయసులోనే వరుస కాన్పులు అయినవాళ్లు, బాలింతగా ఉండగానే నాట్లకు వంగినవాళ్లు, ఆరబోసిన వడ్లు వాన రాకముందే బస్తాలకెత్తి మోసినవాళ్లు. జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్తే, ఒళ్లో చేట పెట్టుకొని పొద్దస్తమానం బీడీలు చుట్టే వాళ్లకు తంబాకు దుమ్ముతో దగ్గు ఉంటుంది. ఆ దగ్గు కూడా కింది కండరాలనే కుదుపుతుంది. చేను దగ్గర మరుగు ఉండదని నీళ్లు తాగడం మానేస్తారు, దాంతో మలబద్ధకం వచ్చి రోజూ ముక్కవలసి వస్తుంది. లంగా లోపల పాత చీర పేలిక మడిచి పెట్టుకొని కూలికి వచ్చే మనిషికి బరువు తగ్గమని చెప్పడానికి నాకు నోరు రాదు.

వరంగల్ డాక్టరమ్మ (స్త్రీల వైద్యం):
రెండు వేర్వేరు జబ్బులను ఒకే పేరుతో పిలవడం వల్లనే ఈ వాదం ముడిపడింది. మూత్రం చుక్కలు పడడం ఒకటి, గర్భసంచి జారడం మరొకటి. రెండింటికీ యోని ద్వారా జరిగిన కాన్పులే పెద్ద కారణం, బరువు రెండింటినీ పెంచుతుంది. అయితే తగ్గించినప్పుడు వచ్చే ఫలితం ఒకేలా ఉండదు. దగ్గితే పడే చుక్కల విషయంలో ఫిజియోథెరపిస్టు గారు చెప్పిన ప్రయోజనం నిజంగానే కనబడుతుంది. జారడం సంగతి అలా కాదు. ముట్లుడిగిన 16,608 మంది స్త్రీల వివరాలను పరిశీలించి 2009లోనే ప్రచురించిన మరో అమెరికా అధ్యయనంలో, బరువు ఎక్కువ ఉన్నవారిలో జారుడు ముదరడం కనిపించింది గానీ, 10 శాతం బరువు తగ్గినా జారినది చెప్పుకోదగినంతగా వెనక్కి వెళ్లలేదు. అంటే మీ వదినగారికి వచ్చిన సలహా ఆమె సమస్యల్లో ఒకదానికే సరిపోతుంది, రెండోదానికి బల్ల మీద పడుకోబెట్టి చూడవలసిందే. పరకాల అక్కగారు చెప్పిన మోత, దగ్గు, మలబద్ధకం సన్నని ఆడవాళ్లలో కటి కండరాలను అలసిపోయేలా చేస్తాయి. అక్కడ బరువు ప్రసక్తే అనవసరం.

జగిత్యాల పాఠకుడు:
ఇంత చర్చ ఎందుకు మేడమ్, గర్భసంచి తీయించేస్తే రెండు బాధలూ ఒక్కసారే పోతాయి కదా? మా వాడలో చాలామంది అదే చేయించుకున్నారు.

వరంగల్ డాక్టరమ్మ:
అన్నా, ఆ మాట విని నేను ఊరుకోలేను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. గర్భసంచిని తీసేస్తే కింది కండరం బలపడదు. తీసిన చోట యోని పైభాగమే జారి రావచ్చు, చుక్కలు పడడం అలాగే ఉండిపోవచ్చు. శస్త్రచికిత్స తప్పని సందర్భాలు ఉన్నాయి, కానీ అంతకు ముందు చేయవలసినవి ఉన్నాయి. కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని అమెరికా స్త్రీల వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే ప్రచారంలోకి తెచ్చారు. రోజుకు మూడు సార్లు, ప్రతిసారీ కనీసం 8 బిగింపుల చొప్పున, నేర్పేవారి పర్యవేక్షణలో 3 నెలలైనా చేయాలి. పొట్టను, పిరుదులను బిగిస్తే లాభం లేదు. చాలామంది చేసే పొరపాటు అదే. జారినదానికి, యోని లోపల పెట్టి దాన్ని పైకి నిలిపి ఉంచే సిలికాన్ రింగు ఉంటుంది. కొలత చూసి అమర్చాక, తీసి కడిగి తిరిగి పెట్టుకోవడం స్త్రీ తానే నేర్చుకోవచ్చు. ఈ రింగు గురించి వినకుండానే ఆపరేషను బల్ల ఎక్కినవారు నాకు తరచుగా కనిపిస్తారు.

పరకాల ఆరోగ్య కార్యకర్త:
రింగు మాట బాగుంది డాక్టరమ్మా, కానీ మీరు చెప్పిన 3 నెలల పర్యవేక్షణ నాటు కూలీకి ఎక్కడ దొరుకుతుంది? ఉపకేంద్రంలో ఉండే మాకు ఆ వ్యాయామం సరిగ్గా నేర్పించండి. కాన్పు అయినవాళ్ల ఇంటికి మేము ఎలాగూ వెళ్తాం, టీకాల కార్డుతో పాటు దీన్నీ అడుగుతాం.

హన్మకొండ ఆడపడుచు:
వదినను వచ్చే వారం మరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. పరీక్ష చేయమని, రింగు సరిపోతుందో లేదో చెప్పమని నేనే ముందుగా అడుగుతాను. 6 కిలోల సంగతి కూడా ఆమెకు చెప్పాను. మోకాళ్ల నొప్పితో నడవలేనంటోంది. ఫిజియోథెరపిస్టు గారూ, కూర్చొని చేసేవి ఏమైనా ఉంటే ఇక్కడే రాయగలరు.