బిల్లసుర్గంలో ఆ ‘సు’ ఎవరిది?

సీమపలుకు: ‘ఏతేషు హి బిలస్వర్గేషు స్వర్గాదప్యధిక...’ ఆపైన నోటికి రావడం లేదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల పేరు ఇందులోదేనా?

డోనువాడు: ‘...కామభోగైశ్వర్యానంద’ అని సాగుతుంది. భాగవతం పంచమ స్కంధం, భూమి కింది బిలస్వర్గాలైన అతల వితలాల వర్ణన. వచనం కాబట్టి నోట నిలవదు. కానీ ఈ గుహల పేరు మాత్రం బిలసొరంగమే.

కుందూగట్టు: సొరంగమైతే ‘రం’లో సున్న ఎక్కడ రాలిపోయిందన్నా? స్వర్గం నోట్లో పడి సర్గం అయింది, అంతే. 1884లో ఆ గుహల్లో తవ్వకం మొదలుపెట్టిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇంగ్లీషులో పేరు రాస్తూ ఎస్ పక్కన యు పెట్టినాడు. ఆ కాలపు యు మన ‘అ’. కడపను ‘కడ్డపా’ చేసినప్పుడు సి పక్కన పెట్టింది ఏది? ఎల్ రెండు రాయడం కూడా ‘బి’ని పొట్టిగా పలకమనే. దాన్ని తిరిగి తెలుగులోకి దించి ‘బిల్ల’, ‘సు’ అంటున్నాం.

డోనువాడు: 1844లోనే ఈ గుహల గురించి న్యూబోల్డ్ అనే ఇంగ్లీషాయన రాసింది చూడు. ‘సు’ దగ్గర రెండు ఓలు, చివరి ‘గం’ దగ్గర యు. ఒకే మాటలో రెంటికీ తేడా పాటించినాడు. అంటే చెవికి ‘సూ’ అనే వినబడింది.

గుత్తికోట: జనం మాట బిలమూ కాదు, సొరంగమూ కాదు, గవి. ముచ్చట్ల చింతమాను గవి ఆ పక్కనే కదా. రాతియుగం మనుషులు కాపురమున్న చోటు. పొయ్యిలో కాలిన మట్టికి సుమారు 17,000 ఏళ్లని తేల్చినారు.

కుందూగట్టు: ‘కాలిన’ అన్న మాటే అక్కడ కీలకం. మట్టి రేణువుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న రేడియేషన్ శక్తిని కొలిచి వయసు కడతారు. మట్టి నాలుగైదు వందల డిగ్రీలు కాగితేనే ఆ పాత లెక్క చెరిగి, కొత్తది మొదలవుతుంది. సగం కాగిన పెళ్ల తీస్తే వయసు ఎక్కువ చూపుతుంది. అక్కడి ఎముకల పనిముట్లతోనూ ఇట్లాంటి తంటానే, గాటు మనిషిదా జంతువుదా తేల్చాలి. ముండ్లపంది కొరికితే వెడల్పాటి చదును గాట్లు, పక్కపక్కనే పడతాయి. రాతి అంచుతో కోస్తే సన్నగా, లోతుగా, అడుగున కోసుగా ఉంటుంది.

సీమపలుకు: గవి గహ్వరంలోంచి వచ్చిందేమో?

గుత్తికోట: కన్నడంలోనూ గవే. సంస్కృతం దాకా పోనక్కర్లేదు.

డోనువాడు: అన్నీ సరే, బెలుం గుహల పేరులో బిలంలోని ‘బి’ ‘బె’ అయింది. ఇక్కడెందుకు కాలేదు?

కుందూగట్టు: ద్విత్వం అడ్డుపడింది.

డోనువాడు: ఆ ద్విత్వం ఇంగ్లీషోళ్లదేనంటివి ఇందాకే!

సీమపలుకు: ఇంతకూ పోతన దీన్ని తెలుగులో ఎట్ల రాసినాడు?

గుత్తికోట: తెలుగు భాగవతంలో ఐదో స్కంధం పోతనది కాదు సామీ, గంగన అనే కవిది.