పెరుగు మీద బూజు చుక్క: తీసేసి వాడుకోవచ్చా, పారబోయాల్సిందేనా?

పర్లాకిమిడి కోడలు

మా ఇంట్లో మూడు రోజులుగా తెగని వాదన ఇది. పెళ్లికని అందరం పాతపట్నం వెళ్లి ఐదు రోజులు ఉండి వచ్చాం. వచ్చి చూస్తే, ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు గిన్నెలో అంచు దగ్గర శనగగింజంత ఆకుపచ్చ బూజు. అత్తయ్యగారు చెంచాతో ఆ చుక్కనూ, దాని చుట్టూ మీగడనూ తీసేసి, మిగిలింది మజ్జిగ పులుసుకు పక్కన పెట్టారు. ఆవిడ చూడనప్పుడు నేను మొత్తం పారబోశాను. చెప్పకుండా చేయడం తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, ఎనభై దాటిన మామయ్యగారు ఉన్నారు. "లీటరు పాల పెరుగు నేలపాలు చేశావు. పులుసు మరిగాక ఇంకా బూజు ఎక్కడ ఉంటుంది?" అని ఆవిడ చాలా బాధపడ్డారు. ఆవిడ చేతి వంట మీద నాకు గౌరవం ఉంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

గుణుపురం పాడి రైతు

మీ అత్తగారి మాటే సరైనది. మాకు రెండు గేదెలున్నాయి. తెల్లవారుజామున లేచి పితికేవాడికి లీటరు పాల విలువ తెలుస్తుంది. మా అమ్మ అరవై ఏళ్లు పెరుగు తోడుపెట్టింది. పైన ఏదైనా కనిపిస్తే తీసేసి మజ్జిగ చిలికేది. మాలో ఎవరికీ కడుపునొప్పి రాలేదు. పులుపున్న చోట క్రిమి బతకదు. ఊరగాయ ఏడాది పొడుగునా నిలవడం లేదా?

బరంపురం భోజనశాల

ముందు పులిసిన పెరుగు వేరు, పాడైన పెరుగు వేరు అని తేల్చుకుందాం. మేము రోజూ ముప్పై లీటర్ల పాలు తోడుపెడతాం. నిన్నటిది పులిస్తే మజ్జిగ పులుసుకు వాడతాం. ఇక్కడ దహి పఖాళ (పెరుగు కలిపిన చద్దన్నం) తినేవారిలో కొంచెం పులుపు తగిలితేనే ఇష్టపడేవారు ఎందరో. పైన పచ్చటి నీరు తేలినా భయం లేదు. అది పెరుగు విడిచిన నీరే, కలిపేస్తే సరిపోతుంది.

కదలని గిన్నెలో బుడగలు లేస్తుంటే, కల్లు వాసన వస్తుంటే, నాలుక మీద పులుపు బదులు చేదు తగిలితే, గులాబీ రంగో నారింజ రంగో మరక కనిపిస్తే మాత్రం మా వంటగదిలో ఆ గిన్నె నేరుగా బయటికి పోతుంది. ప్యాకెట్టు పెరుగైతే మూత ఉబ్బిందేమో చూస్తాం. బూజు సంగతీ అంతే. నా కింద పనిచేసే పిల్లలకు చెప్పేది ఒకటే: అనుమానం వస్తే రుచి చూసి తేల్చుకోవద్దు. ముందు చూడాలి, తరువాత వాసన, అన్నీ బాగుంటేనే నాలుక.

సిరొంచ సైన్సు టీచరు

రైతు గారూ, పులుపు గురించి మీరన్నదానిలో సగం నిజముంది. ఆ సగం వల్లే మన పెద్దలు క్షేమంగా ఉన్నారు. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పులుపును కొలిచే పి.హెచ్. అంకె (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గరికి దిగేసరికి పాలు గడ్డకడతాయి. ఆ పులుపులో రోగాలు తెచ్చే బాక్టీరియా చాలావరకు పెరగలేవు. కానీ బూజుకూ, ఈస్టుకూ పులుపంటే లెక్క లేదు. అందుకే పెరుగును చివరికి పాడుచేసేవి ఎక్కువగా ఆ రెండే. ఊరగాయను కాపాడేది కూడా పులుపు ఒక్కటే కాదు, ఉప్పూ నూనే కూడా. నూనె పైకి తేలని జాడీకి బూజు పట్టడం మనందరం చూసిందే.

ఇక చుక్క తీసేయడం గురించి. మన కంటికి కనిపించే ఆకుపచ్చ పొర బూజు పండించుకున్న గింజల్లాంటిది. దాని దారాలు అప్పటికే కిందికి దిగి ఉంటాయి. గట్టి చీజ్ ముద్ద లాంటి పదార్థంలో అవి దూరం పోలేవు కాబట్టి, చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల మేర కోసేసి మిగతాది తినవచ్చంటారు. పెరుగులాగా నీరున్న మెత్తటి పదార్థంలో ఎంతవరకు పాకిందో ఎవరూ గీత గీసి చెప్పలేరు.

మరిగించడం గురించి అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి. మరిగితే బూజు చస్తుంది, నిజమే. కానీ కొన్ని బూజులు విషం వదులుతాయి, ఆ విషం మరుగుతున్న పులుసు వేడికి పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. మేతలోని వేరుశనగ పిండికి పట్టిన బూజు విషమే కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ అన్న పేరు అప్పుడు వచ్చింది. మీ గిన్నెలోది ఆ బూజే అని నేను అనడం లేదు. ప్రతి ఆకుపచ్చ బూజూ విషం కాదు. అయితే ఏది విషమో ఏది కాదో వంటింట్లో నిలబడి కంటితో చెప్పలేం. పసిపాప, వృద్ధుడు ఉన్న ఇంట్లో మీరు చేసిందే సరైన పని.

ధర్మాబాద్ విద్యార్థిని

నేను ఆహార సాంకేతిక శాస్త్రం చదువుతున్నాను. మాస్టారూ, ఒక సందేహం. ఫిన్లాండులో విలి అనే పెరుగు ఉంది. దాని మీద బూజు మెత్తటి పొరలా ఉంటుంది, పెరుగు తీగలా సాగుతుంది. వాళ్లు ఇష్టంగా తింటారు. మరి బూజు అంటేనే పారబోయాలనడం అతిగా లేదా?

సిరొంచ సైన్సు టీచరు

మంచి ప్రశ్న, అమ్మా. అది వాళ్లు ఎంచుకుని తోడుతోపాటు వేసే బూజు. మన గిన్నెలోకి వచ్చింది ఎవరో తెలియదు: పక్కనున్న నిమ్మచెక్క మీదిదో, తడి గరిటెతో వచ్చిందో. తీగ సాగడం గురించి మాత్రం మీ ఉదాహరణ పనికొస్తుంది. వాసన, రంగు బాగుండి కేవలం తీగ సాగితే అది తోడు తీరు కావచ్చు. చెడ్డ వాసన కూడా కలిస్తే అప్పుడు పారబోయాలి.

కోరాపుట్ గృహిణి

మాది ఎత్తు ప్రాంతం. చలికాలంలో రాత్రి తోడుపెడితే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. మా ఇంట్లో పెరుగు పాడైనవన్నీ అలాంటి రోజులే. తోడుకోవడం ఆలస్యమైతే పులుపు రాకముందే వేరేవి చేరిపోతాయి. వేలు పెడితే గోరువెచ్చగా తగిలే పాలలో తోడు వేసి, గిన్నెను దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది.

చాంద్రపూర్ వాసి

మాకు మే నెలలో 46 డిగ్రీలు దాటుతుంది. పాడయ్యే తిండి గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దనీ, 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటేననీ అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయే ఊళ్లో అది ఎలా కుదురుతుంది? మేము తడి ఇసుకలో కుండ పెట్టి, తడిగుడ్డ చుట్టి కాపాడుకుంటాం. ఉదయం తోడుకున్నది సాయంత్రానికి అయిపోవాలి. కరెంటు ఉన్న రోజుల్లో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంచి, గిన్నెను తలుపు అరలో కాకుండా లోపల వెనక పెడతాం. తెరిచి మూసే తలుపు దగ్గరే వేడి ఎక్కువ. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పోతే పెరుగు అసలు పోయవద్దు. పులుపు లోహాన్ని కరిగిస్తుంది.

గుణుపురం పాడి రైతు

కరెంటు, కుండ అనగానే ఒక సంగతి గుర్తొచ్చింది, నిజాయితీగా చెబుతాను. మా అమ్మ కాలంలో పెరుగు రెండో రోజు చూసిందే లేదు. రాత్రి తోడు, పొద్దున కవ్వం, మధ్యాహ్నానికి వెన్న, మిగిలిన మజ్జిగ వీధిలో అందరికీ. అమ్మ తీసేసిందని నేనన్నది బూజు కాకపోవచ్చు, ఎండిన మీగడో ధూళో అయ్యుండవచ్చు. బూజు పెరగడానికి ఐదు రోజుల సమయం ఇచ్చింది ఫ్రిజ్. అంతవరకు ఒప్పుకుంటాను.

కానీ అమ్మా, ఊరెళ్లే ముందు లీటరు పెరుగు ఫ్రిజ్‌లో వదిలి వెళ్లడం నాకు నచ్చలేదు. పక్కింటికి ఇచ్చి వెళ్లండి. కేవలం పులిసింది మిగిలితే నీళ్లు కలిపి మొక్కలకు చల్లండి, మేము చేలో చల్లుతాం. బూజు పట్టింది పశువులకు పెట్టవద్దు, నేను పెట్టను.

పర్లాకిమిడి కోడలు

అందరికీ నమస్కారాలు. రాత్రి అన్నం తిన్నాక ఇవన్నీ అత్తయ్యగారికి చదివి వినిపించాను, చెప్పకుండా పారబోసినందుకు క్షమాపణ అడిగాను. మరిగించినా విషం పోదన్న మాట ఆవిడ ఇంకా నమ్మలేదు. రైతు గారి మాట విన్నప్పుడు మాత్రం చాలాసేపు మౌనంగా ఉండి, "మా పుట్టింట్లోనూ పెరుగు నిలవ ఉంచేవాళ్లం కాదు" అన్నారు. ఈ రాత్రి అర లీటరుకే తోడుపెట్టారు.

ఒక్క సందేహం మిగిలింది. రేపటి తోడును ఏ గిన్నె నుంచి తీయాలి?

బరంపురం భోజనశాల

పెరుగు తోడుకోగానే, ఎవరికీ వడ్డించకముందే, పొడి చెంచాతో రెండు చెంచాలు చిన్న గాజు గిన్నెలోకి తీసి మూత పెట్టండి. భోజనాల దగ్గర గరిటె మునిగిన గిన్నె నుంచి తోడు తీయవద్దు. బూజు పట్టిన పెరుగు చుక్క కూడా తోడుగా వద్దు. అలాంటిది జరిగితే పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చుకోండి.