మెదడులో ఒక్కో ప్రజ్ఞకు ఒక్కో చోటు ఉంటుందా?

ప్రశ్న – జిజ్ఞాసి

అందరికీ నమస్కారం. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఈ మధ్య ఒక సంస్థ వారు ప్రజ్ఞా పరీక్ష పెట్టి, ఎనిమిది గళ్ల పట్టీ ఒకటి చేతికిచ్చారు. భాషా ప్రజ్ఞ, సంగీత ప్రజ్ఞ ఎక్కువగా ఉన్నాయనీ తార్కిక గణిత ప్రజ్ఞ తక్కువగా ఉందనీ అందులో చూపించారు. ఇది మెదడు నిర్మాణంలోనే ఉన్న లక్షణం కాబట్టి లెక్కల మీద ఎక్కువ సమయం పెట్టడం కంటే, సహజంగా వచ్చేవాటినే ప్రోత్సహించడం మేలని సలహా కూడా ఇచ్చారు. అప్పటి నుంచి అమ్మాయి లెక్కల పుస్తకం తెరిచినప్పుడల్లా "నా మెదడు దీనికి పనికిరాదు కదా" అంటోంది. మెదడులో ఒక్కో రకం ప్రజ్ఞకు నిజంగానే విడిగా చోటు ఉంటుందా? ఉంటే, తక్కువగా ఉన్నది ఎప్పటికీ అలాగే ఉండిపోతుందా? మనోవిజ్ఞానం, నాడీశాస్త్రం చదువుకున్నవారు ఆధారాలతో వివరిస్తే కృతజ్ఞురాలిని.

సమాధానం – నాడీశాస్త్ర విద్యార్థి

జిజ్ఞాసి గారూ, మీ మొదటి సందేహానికి నాకు తెలిసినంతవరకు చెబుతాను. మెదడులో పని విభజన ఉన్న మాట నిజమే గాని, అది పట్టీలోని ఎనిమిది గళ్ల ప్రకారం జరగలేదు.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగి మరణించాక అతని మెదడును పరిశీలించాడు. ఆ రోగికి ఎదుటివారి మాటలు చాలావరకు అర్థమయ్యేవి, కానీ తాను "టాన్" అనే శబ్దం తప్ప దాదాపు మరేమీ పలకలేకపోయేవాడు. మెదడు ముందు వైపున ఉండే ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో ఒక భాగం దెబ్బతిని ఉండటం బ్రోకా గమనించాడు. 1874లో కార్ల్ వెర్నికె ఇందుకు భిన్నమైన రోగులను వర్ణించాడు. వారు ధారాళంగానే మాట్లాడతారు, అయితే ఆ మాటలకు పొందిక ఉండదు, ఎదుటివారు చెప్పేది బోధపడదు. అంటే, మనం భాష అని ఒకే పేరుతో పిలిచే సామర్థ్యమే లోపల అనేక పనులుగా విడిపోయి ఉంది.

లెక్కల్లో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. "కొన్ని పుస్తకాల్లో మూడో వంతు ఇచ్చేయగా 18 మిగిలాయి, మొదట ఎన్ని ఉన్నాయి?" అనే చిన్న లెక్కనే తీసుకుందాం. అక్షరాలను గుర్తుపట్టే పని మెదడు వెనుక భాగంలోని దృష్టి ప్రాంతాలతో మొదలవుతుంది. వాక్యార్థాన్ని గ్రహించడంలో, చాలామందిలో, ఎడమ అర్ధగోళంలోని, అంటే మెదడు ఎడమ సగంలోని, భాషా ప్రాంతాలది ముఖ్యపాత్ర. సంఖ్యల పరిమాణాన్ని అంచనా కట్టేటప్పుడు మెదడు పైన వెనుక వైపున ఉండే పెరైటల్ లోబ్‌లోని ఒక గాడి చుట్టూ ఉన్న ప్రాంతం చురుగ్గా ఉంటుంది. "రెండు వంతులు 18 అయితే ఒక వంతు 9" అన్న మధ్యంతర ఫలితాన్ని జారిపోకుండా పట్టి ఉంచేది వర్కింగ్ మెమరీ, అందుకు ఫ్రంటల్, పెరైటల్ ప్రాంతాలు కలిసి పనిచేయాలి. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు అన్నది మాత్రం ఎప్పుడో కంఠస్థమైన ఎక్కంలో నుంచి వస్తుంది.

ఇప్పుడు తప్పు సమాధానాలను చూడండి. 24 అని రాసిన పిల్ల 18లో మూడో వంతైన 6ను 18కే కలిపింది. కూడికలో, భాగహారంలో ఆమెకు ఏ లోటూ లేదు, మూడో వంతు దేనిలోనిదో గ్రహించడంలో పొరబడింది. 54 అని రాసిన పిల్ల ఇచ్చేసిన వంతును మిగిలిన వంతుగా చదువుకుంది. 9 దగ్గరే ఆగిపోయిన పిల్ల బహుశా తర్వాత చేయవలసింది మధ్యలో మరిచిపోయింది. ముగ్గురికీ సున్నాయే వస్తుంది, ముగ్గురినీ "గణిత ప్రజ్ఞ తక్కువ" అనే గడిలోనే వేస్తారు, కానీ ముగ్గురికీ కావలసిన సాయం వేరు. 24 రాసిన పిల్లకూ 54 రాసిన పిల్లకూ అడ్డుపడింది చాలావరకు చదివి అర్థం చేసుకోవడమే కావచ్చని గమనిస్తే, భాషనూ గణితాన్నీ చెరో గడిలో పెట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు అన్న ప్రచారం గురించి కూడా ఒక మాట. రోజర్ స్పెర్రీ రెండు అర్ధగోళాల మధ్య అనుసంధానం తెగిన రోగులపై చేసిన పరిశోధనలకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండు వైపుల మధ్య కొన్ని తేడాలు ఉన్నాయని ఆ పరిశోధనలు చూపించాయి, కానీ మనుషులను ఎడమ మెదడువారు, కుడి మెదడువారు అని విడదీయవచ్చని చూపించలేదు. ఆరోగ్యవంతమైన మెదడులో ఆ రెండు భాగాలను సుమారు 20 కోట్ల నాడీ తంతువులు కలిపి ఉంచుతాయి.

సమాధానం – మనోవిజ్ఞాన అధ్యాపకురాలు

పై వివరణతో ఏకీభవిస్తూ, సిద్ధాంతాల సంగతి కొంత చేరుస్తాను. 1904లో చార్లెస్ స్పియర్‌మన్ పాఠశాల పిల్లల మార్కులను పరిశీలించి, ఒక విషయంలో రాణించేవారు మిగతా విషయాల్లోనూ సగటు కంటే మెరుగ్గా చేసే మొగ్గు ఉందని గమనించాడు. ఆ సహసంబంధానికి మూలంగా అన్ని విషయాల్లోనూ ఉమ్మడిగా పనిచేసే ఒక సామాన్య కారకం ఉందని ప్రతిపాదించాడు. 1938లో థర్‌స్టన్ దానికి బదులుగా ఏడు ప్రాథమిక సామర్థ్యాలను సూచించాడు గాని, ఆ ఏడింటి మధ్య కూడా సహసంబంధం కనబడటంతో సామాన్య కారకాన్ని పూర్తిగా తోసిపుచ్చడం వీలు కాలేదు. రేమండ్ కాటెల్ చేసిన విభజన నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా తోస్తుంది. కొత్త సమస్యను అప్పటికప్పుడు విడదీసి ఆలోచించేది ద్రవ ప్రజ్ఞ, చదువు వల్ల, అనుభవం వల్ల పేరుకునేది స్ఫటిక ప్రజ్ఞ. మొదటిది యౌవనం తర్వాత మెల్లగా తగ్గుతుంది, రెండోది నడివయసు దాటాక కూడా పెరుగుతూ ఉండవచ్చు.

మీ చేతిలోని పట్టీకి ఆధారం హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించిన బహుళ ప్రజ్ఞా సిద్ధాంతం. ఆయన మొదట ఏడు ప్రజ్ఞలు చెప్పి, తర్వాత ప్రకృతి ప్రజ్ఞను ఎనిమిదోదిగా చేర్చాడు. సంగీతాన్నీ శరీర నైపుణ్యాన్నీ ఇతరుల మనసు గ్రహించే నేర్పునూ తక్కువ చేసి చూడకూడదని ఉపాధ్యాయ లోకానికి గట్టిగా చెప్పినందుకు ఆయన పట్ల నాకు గౌరవం ఉంది. అయినా ఈ ఎనిమిదీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటాయనడానికి కొలతల్లో బలమైన ఆధారం దొరకలేదు. పిల్లలకు నచ్చిన శైలిలో చెబితేనే చదువు వంటబడుతుందనే మాటను ఈ సిద్ధాంతంతో కలిపేయడాన్ని గార్డ్‌నరే అంగీకరించలేదు.

1905లో సైమన్‌తో కలిసి తొలి ప్రజ్ఞా పరీక్షల్లో ఒకదాన్ని రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ బినే ఉద్దేశం అదనపు సాయం కావలసిన పిల్లలను గుర్తించడమే. పిల్లల ప్రజ్ఞ మారని పరిమాణం అన్న భావనను ఆయన ఖండించాడు. అదనంగా నేర్పవలసిన చోటు చూపడానికి పుట్టిన పరీక్షను, నేర్పడం మానేయమని చెప్పడానికి వాడటం నాకు బాధ కలిగిస్తోంది.

వీలైతే అమ్మాయి చేత పూరించిన ప్రశ్నలను తెప్పించుకుని చూడండి. "నాకు పాటలు వినడం ఇష్టం" వంటి వాక్యాలకు అవును, కాదు అని గుర్తు పెట్టించి ఉంటే, ఆ పట్టీ కొలిచింది ఇష్టాన్నే గాని సామర్థ్యాన్ని కాదు.

ప్రశ్న కొనసాగింపు – జిజ్ఞాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రశ్నలు దాదాపు అలాగే ఉన్నాయని అమ్మాయి చెప్పింది. ఇక నా రెండో సందేహం గురించి కూడా చెప్పగలరా? సాధనతో మెదడు ఎంతవరకు మారుతుంది?

సమాధానం – నాడీశాస్త్ర విద్యార్థి

మారుతుంది, అయితే సాధన చేసినదానిలోనే ఎక్కువగా మారుతుంది. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం వేల వీధులను కంఠస్థం చేయాలి. ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో వారి మెదళ్లను పరిశీలించి, దారుల జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్ వెనుక భాగం పెద్దదిగా ఉందని చూపించింది. పెద్దదిగా ఉన్నవారే ఆ వృత్తిలోకి వచ్చారేమోనన్న అనుమానం సహజం. 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలో శిక్షణకు ముందూ తర్వాతా ఒకే మనుషులను పరీక్షించగా, ఉత్తీర్ణులైన వారిలో మాత్రమే ఆ పెరుగుదల కనిపించింది. కానీ అంత సాధన చేసినా వారి జ్ఞాపకశక్తి అన్ని విషయాల్లోనూ పెరగలేదు.

చదరంగంలోనూ ఇదే సంగతి. 1973లో చేజ్, సైమన్ చేసిన ప్రయోగంలో, నిజమైన ఆటలో నుంచి తీసిన స్థితిని కొన్ని సెకన్లు చూపిస్తే నిపుణుడు పావులను చాలావరకు తిరిగి పేర్చగలిగాడు. పావులను ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి చూపినప్పుడు అతనికీ కొత్తవారికీ పెద్ద తేడా లేదు. నిపుణుడి వర్కింగ్ మెమరీ పెద్దది కాదు, తెలిసిన అమరికలు ఎక్కువ. ఎక్కాలు, భిన్నాలు తడుముకోకుండా వచ్చేదాకా సాధన చేయించడం వల్ల కలిగే మేలు ఇదే. వాటిని వెతుక్కునే భారం తగ్గి, లెక్క గురించి ఆలోచించడానికి చోటు మిగులుతుంది. లెక్కలంటే ఆందోళన ఉన్నవారిలో ఆ దిగులే వర్కింగ్ మెమరీలో కొంత భాగాన్ని ఆక్రమిస్తుందని ప్రయోగాలు చూపించాయి కాబట్టి, "నా మెదడు పనికిరాదు" అన్న భయాన్ని ముందుగా పోగొట్టాలి.

అందరి సామర్థ్యమూ సమానమని నేను అనడం లేదు. వారసత్వ ప్రభావం ఉందని కవలల అధ్యయనాలు పదేపదే చూపించాయి. డిస్‌కాల్‌క్యులియా అనే సమస్య ఉన్న పిల్లలకు సంఖ్యల పరిమాణం అందడమే కష్టం. రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పడానికి తోటి పిల్లల కంటే ఎక్కువ సమయం పట్టడం, చిన్న కూడికలకు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టడం వంటివి మీ అమ్మాయిలో చాలాకాలంగా కనిపిస్తుంటే, పిల్లల అభ్యసన సమస్యలను పరీక్షించే మనోవిజ్ఞాన నిపుణుల దగ్గరకు తీసుకెళ్లండి. వారు చేసే పరీక్షల్లో పిల్లల చేత లెక్కలు చేయించి, ఎక్కడ తడబడుతున్నారో విడివిడిగా చూస్తారు.