కార్బన్ టాక్స్ పోయింది సరే, మీ ఇంటి కరెంటు బిల్లు తగ్గిందా?

మూర్తి_వెంట్‌వర్త్‌విల్ (నవంబరు 2014)
అందరికీ నమస్కారం. జూలై 17న ఇక్కడ ఆస్ట్రేలియా సెనేట్‌లో 39–32తో కార్బన్ టాక్స్ ఎత్తేశారు. జూలై 1 నుంచే వర్తిస్తుందన్నారు. సగటు ఇంటికి ఏడాదికి 550 డాలర్లు మిగులుతాయని ప్రధాని ఆబట్ గారు ఊరూరా తిరిగి చెప్పారు, నేను ఓటేసింది ఆ మాట చూసే. మొన్న సిడ్నీలో మా ఇంటికి మూడు నెలల బిల్లు వచ్చింది. పోయినేడు ఇదే క్వార్టర్‌కి 412, ఈసారి 438. తగ్గడం దేవుడెరుగు, 26 డాలర్లు పైనే పడింది. ఎవరికైనా తగ్గిందా? తగ్గితే ఎంతో చెప్పండి. సిద్ధాంతాలు మాత్రం వద్దు.

గుంటూరోడు
మాకు బాగా తగ్గింది అన్నా. హీటర్ పాడైపోయింది.

పెన్రిత్_ఇంజినీరు
మూర్తి గారూ, కింద ఉన్న మొత్తం చూడకండి, రెండో పేజీలో యూనిట్ రేటు చూడండి. వాడకం పెరిగితే రేటు తగ్గినా బిల్లు పెరుగుతుంది.

ఈ పన్ను మన ఇంటి మీద వేసింది కాదు. ఎక్కువ పొగ వదిలే సంస్థల మీద, అంటే 350 దాకా ఉంటాయి, వాటి మీద వేశారు. 2012 జూలైలో టన్నుకి 23 డాలర్లతో మొదలై తర్వాతి ఏడాది 24.15 అయింది. మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో నల్లబొగ్గుతో వెయ్యి యూనిట్లు తయారు చేస్తే సుమారు 0.9 టన్ను కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లెక్కేస్తే యూనిట్‌కి రెండు సెంట్ల పైచిలుకు. ఏడాదికి 6,000 యూనిట్లు కాల్చే ఇంటికి జీఎస్టీతో కలిపి 150 డాలర్ల చుట్టూ తిరుగుతుంది. 550 అన్నది ఒక్క కరెంటుకి కాదు. ప్రభుత్వం లెక్కలోనే కరెంటు 200, గ్యాస్ 70, మిగతాది పచారీ సరుకుల దగ్గర్నుంచి అన్నిట్లో కొద్దికొద్దిగా తగ్గేది.

ఇక మీ బిల్లులో సగం దాకా స్తంభాలూ తీగలదే. దాని మీద ఏ ప్రధానమంత్రీ ఎన్నికలకి వెళ్ళలేదు.

మూర్తి_వెంట్‌వర్త్‌విల్
సిద్ధాంతాలు వద్దని ముందే మనవి చేసుకున్నాను. 550ని నాలుగుతో భాగిస్తే 137 డాలర్ల 50 సెంట్లు. నాకు అది కావాలి. టీవీలో చెప్పేటప్పుడు "పచారీలో కొద్దికొద్దిగా" అని ఎవరూ చెప్పలేదు.

సుజాత_బ్రిస్బేన్
మూర్తి గారూ, మా క్వీన్స్‌ల్యాండ్ సంగతి వినండి. మాకు ధర నిర్ణయించేది రాష్ట్ర రెగ్యులేటర్. టాక్స్ ఉంటే ఈ ఏడాది మామూలు ఇంటి టారిఫ్ 13.6 శాతం పెరిగేదట. తీసేశారు కాబట్టి 5.1 శాతమే పెరుగుతుందన్నారు. అంటే మాకు "తగ్గింపు" అంటే తక్కువ పెరగడం. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే అయింది.

మూర్తి_వెంట్‌వర్త్‌విల్
చూశారా! సుజాత గారికీ పెరిగింది.

పెన్రిత్_ఇంజినీరు
ఆవిడ చెప్పింది అది కాదండీ. ఎత్తేయకపోతే ఇంకా ఎక్కువ పెరిగేదని చెప్పారు. దేశం మొత్తం మీద చూస్తే సెప్టెంబరు క్వార్టర్‌లో కరెంటు ధర 5.1 శాతం తగ్గిందని గణాంకాల శాఖ పోయిన నెలలోనే ప్రకటించింది. 1980లో ఆ లెక్క మొదలుపెట్టాక ఇంత తగ్గడం ఎప్పుడూ లేదు.

గుంటూరోడు
ఒకరు 5.1 పెరిగిందంటారు, ఒకరు 5.1 తగ్గిందంటారు. మధ్యలో నేను.

పెన్రిత్_ఇంజినీరు
రెండూ నిజమే, ఒకటి క్వీన్స్‌ల్యాండ్, ఒకటి దేశం మొత్తం. ఇంకోటి కూడా చెప్పాలి. టాక్స్ మొదలైన 2012 సెప్టెంబరు క్వార్టర్‌లో ఇదే లెక్క ప్రకారం 15.3 శాతం పెరిగింది. ఎక్కినప్పుడు 15, దిగినప్పుడు 5. 2012లో పెరిగిందంతా టాక్స్‌ది కాదు, అందులో తీగల ఖర్చూ ఉంది. కానీ ఆ రెండేళ్ళూ అందరి తిట్లూ టాక్సే తిన్నది.

తార్నీట్_తాతయ్య
మన ఆంధ్రాలో ఎఫ్‌ఎస్‌ఏ అని ఒకటుండేది, గుర్తుందా? ఎప్పుడో రెండేళ్ళ కిందట కాల్చిన కరెంటుకి ఇవాళ సర్దుబాటు చార్జీ. అప్పుడు అద్దెకున్నవాడు ఖాళీ చేసి వెళ్ళిపోతే ఇప్పుడున్నవాడు కట్టాలి. దాంతో పోలిస్తే ఇక్కడ నయమే. ఇంకో తమాషా, వీళ్ళు టాక్స్ తీసేసిన ఆ జూలైలోనే మన జైట్లీ గారు బడ్జెట్లో బొగ్గు మీద సెస్ టన్నుకి 50 నుంచి 100 రూపాయలు చేశారు. ఒక్కరూ కిక్కురుమనలేదు.

హ్యారిస్‌పార్క్_457
బాబాయ్ గారూ, అది మన ఇంటి బిల్లులో విడిగా కనబడదు, అందుకే ఎవరూ అనరు.

మూర్తి గారూ, ఒక చిన్న డౌటు. మీ బిల్లులో రీడింగ్ పక్కన "ఎస్టిమేట్" అని ఉందా చూడండి. మీటర్ చూడకుండా పోయినేటి వాడకం చూసి అంచనా వేస్తే మీ తగ్గుదలా పెరుగుదలా రెండూ ఉత్తుత్తివే.

మూర్తి_వెంట్‌వర్త్‌విల్
ఉంది. గేటు తాళం వేసి ఉంటే మీటర్ వాడు లోపలికి రాడు, కుక్క కూడా ఉంది. దానికీ దీనికీ ఏం సంబంధం? కుక్క పోయినేడు కూడా ఉంది.

సుజాత_బ్రిస్బేన్
అయ్యో మూర్తి గారూ, మీటరే చూడని బిల్లు పట్టుకుని మూడు రోజుల నుంచీ వాదిస్తున్నారా!

మూర్తి_వెంట్‌వర్త్‌విల్
సుజాత గారూ, నవ్వండి. నా బాధ ఇంటి బిల్లు ఒక్కటే కాదు. నాకు షాపుంది. నాలుగు ఫ్రీజర్లు, ఒక కోల్డ్ రూము రాత్రీ పగలూ నడవాలి. 2012 చలికాలంలో కోల్డ్ రూములో గ్యాస్ లీకైంది. మెకానిక్ వచ్చి ఆర్-404ఏ గ్యాస్ కిలో మీద టాక్సే 70 డాలర్లు దాటిందన్నాడు. ఆరు కిలోలు పట్టింది. ఇంట్లో ఉన్నవాళ్ళకి పరిహారం అని ఇచ్చారు, పెన్షన్ పెంచారు, పన్ను పరిమితి పెంచారు. చిన్న షాపువాడికి ఏమిచ్చారు? ఈ టాక్స్ పెట్టబోమని 2010 ఎన్నికల ముందు అప్పటి ప్రధాని గిలార్డ్ గారు టీవీలో చెప్పి మరీ పెట్టారు. అందుకే ఈయనకి వేశాను. ఈయనేమో 550 అన్నాడు.

పెన్రిత్_ఇంజినీరు
గ్యాస్ సంగతి నిజమే, దానికి ఒప్పుకుంటాను. ఆ గ్యాస్ ఒక్క కిలో గాల్లో కలిస్తే మూడు వేల కిలోల పైన కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అందుకే అంత పడింది. కానీ ఆ పన్ను కూడా జూలైలో పోయింది. పరిహారం మాత్రం పోలేదు. పన్ను లేని ఆదాయ పరిమితిని 6,000 నుంచి 18,200 చేసింది కార్బన్ టాక్స్ కోసమే. టాక్స్ తీసేసి పరిమితి అలాగే ఉంచారు. అంటే మీరు ఒకటి కట్టడం మానేసి ఇంకొకటి తీసుకుంటూనే ఉన్నారు. తక్కువలో తక్కువ ఆ మాట అయినా చెప్పుకోవాలి కదా.

హ్యారిస్‌పార్క్_457
"మీరు" అంటే ఎవరండీ? పరిమితి నాకూ వర్తించింది, కాదనను. కానీ పిల్లలున్నవాళ్ళకి ఇచ్చిన సప్లిమెంట్ 457 వర్క్ వీసా మీద వచ్చిన మాకు ఒక్క డాలరు రాలేదు. కరెంటు మాత్రం అందరితో పాటే కట్టాం. రెండు గదుల ఫ్లాట్, ఎలక్ట్రిక్ గీజరు, అద్దెకున్నవాడికి మార్చే హక్కు లేదు.

ఇంజినీరు గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంటి మీద సోలార్ ఉందని ఉగాది ఫంక్షన్‌లో చెప్పారు. 60 సెంట్ల స్కీమేనా?

పెన్రిత్_ఇంజినీరు
అవును. 2010లో పెట్టించాను. అయితే?

హ్యారిస్‌పార్క్_457
అయితే మీరు తయారు చేసిన ప్రతి యూనిట్ 60 సెంట్లకి అమ్మి, వాడుకునేది 27కి కొనుక్కుంటారు. ఆ తేడా ఆకాశం నుంచి ఊడిపడదు. రాష్ట్రంలో అందరి బిల్లుల్లోకి, అంటే మీరు ఇందాక తిట్టిన ఆ స్తంభాలూ తీగల పద్దులోకి ఎక్కుతుంది. కార్బన్ టాక్స్ పోయింది గానీ మీ సోలార్ కోసం నేను కట్టేది పోలేదు. దాని మీద మీరు ఇంత పెద్ద పోస్టు ఎప్పుడూ రాయలేదు.

పెన్రిత్_ఇంజినీరు
ఇది వ్యక్తిగతంగా పోతోంది. అప్పట్లో కిలోవాటున్నర ప్యానెళ్ళు ఎంత పడేవో తెలుసా? ఇంటి లోన్ మీద టాప్-అప్ తీసుకుని పెట్టించాను. 2016 డిసెంబరు 31 దాకా ఇస్తామని ప్రభుత్వం కాగితం మీద రాసిచ్చింది. 2011లో రాష్ట్రంలో కొత్తగా వచ్చిన ఓఫారెల్ ప్రభుత్వం 40కి తగ్గించబోయి, గోల లేచాక వెనక్కి తగ్గింది. ఆ కొన్ని వారాల టెన్షన్ మాకు తెలుసు. మాట నమ్మి అప్పు చేసినవాడిని మధ్యలో వదిలేస్తే రేపు ప్రభుత్వం చెప్పింది ఎవరు నమ్ముతారు?

తీగల ఖర్చులో సోలార్ వాటా చాలా చిన్నది. అసలు ఖర్చులో పెద్ద భాగం ఏడాదిలో పట్టున నలభై గంటలు కూడా ఉండని ఎండల పీక్ కోసం కట్టిన సబ్‌స్టేషన్లది. ఏసీ అందరూ ఒకేసారి వేస్తారు.

హ్యారిస్‌పార్క్_457
మాకు ఏసీ లేదు.

మూర్తి_వెంట్‌వర్త్‌విల్
శభాష్ తమ్ముడూ. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే. ఇల్లున్నవాడు, ప్యానెల్ ఉన్నవాడు పాఠాలు చెబుతాడు, కట్టేది మనం.

హ్యారిస్‌పార్క్_457
ఆగండి మూర్తి గారూ, మీ దగ్గరికే వస్తున్నాను. 2012 ఆగస్టులో మీ షాపులో ఇడ్లీ పిండి డబ్బా మీద 50 సెంట్లు పెంచి, ఫ్రీజర్ తలుపుకి "కార్బన్ టాక్స్ వలన" అని తెలుగులో రాసి అంటించారు. టాక్స్ పోయి నాలుగు నెలలు. కాగితం చించేశారు, చూశాను. ధర అదే ఉంది. 550లో "పచారీలో కొద్దికొద్దిగా" అన్నారే, అందులో నా 50 సెంట్లు మీ గల్లాపెట్టెలోనే ఉన్నాయి.

గుంటూరోడు
😳

సుజాత_బ్రిస్బేన్
ఇది మాత్రం జవాబు చెప్పాల్సిందే మూర్తి గారూ.

మూర్తి_వెంట్‌వర్త్‌విల్
చెబుతాను, భయమేంటి. మినప్పప్పు రేటు పెరిగింది. షాపు అద్దె పెరిగింది. 2012లో నేను 50 సెంట్లు పెంచాను గానీ నాకు పడింది అంతకంటే ఎక్కువ, మిగతాది నేనే మింగాను. ఇప్పుడు అది రాబట్టుకుంటున్నాను అనుకోండి. నేనేమీ కరెంటు కంపెనీని కాదు, వాళ్ళలాగా కోట్లు లేవు.

పెన్రిత్_ఇంజినీరు
న్యాయం చెప్పాలంటే చట్టప్రకారం ఆయన తగ్గించక్కర్లేదు. ఏసీసీసీ, అంటే వినియోగదారుల తరఫున ధరలు చూసే కేంద్ర సంస్థ, దాని కాపలా కరెంటు, గ్యాస్ అమ్మేవాళ్ళ మీదా, ఆ ఫ్రిజ్ గ్యాసులు దిగుమతి చేసేవాళ్ళ మీదా. ఆదా అయింది వినియోగదారుడికి ఇవ్వకపోతే దానికి రెండున్నర రెట్లు కట్టించొచ్చు. ఇడ్లీ పిండి దాని కిందకి రాదు. అయితే మూర్తి గారూ, కంపెనీ "మా మిగతా ఖర్చులు పెరిగాయి" అంటే మీరు ఒప్పుకోరు, మీరు అంటే మేము ఒప్పుకోవాలి.

మూర్తి_వెంట్‌వర్త్‌విల్
నేను ఓట్లు అడగలేదు కదండీ 550 ఇస్తానని.

తార్నీట్_తాతయ్య
మా మెల్‌బోర్న్‌లో పిండి ఇంకా ఎక్కువ. పైగా పులుపు.

మోడరేటర్
షాపుల పేర్లు, ఇళ్ళ వివరాలు ఇక్కడ రాయొద్దు. ఇంకెవరైనా వ్యక్తిగతంగా వెళితే తాళం వేస్తాను.

మూర్తి_వెంట్‌వర్త్‌విల్
తమ్ముడూ 457, శనివారం షాపుకి రా. గ్యాస్ బిల్లు, కరెంటు బిల్లు రెండూ గల్లా దగ్గరే ఉంచుతాను, చూసుకో. పిండి మాత్రం అదే ధర.

హ్యారిస్‌పార్క్_457
వస్తాను మూర్తి గారూ. ఎలాగూ మీ దగ్గరే కొంటున్నాను, నడిచి వెళ్ళే దూరంలో ఇంకో షాపు లేదు కాబట్టి. మీ ధర ఎందుకు దిగట్లేదో నాకు ఆ బిల్లుల కంటే ఈ ముక్కే బాగా చెబుతుంది.

సుజాత_బ్రిస్బేన్
మూర్తి గారూ, వెళ్ళేలోగా ఆ మీటర్ ఫొటో తీసి కంపెనీకి పంపండి. అసలు రీడింగ్‌తో బిల్లు మళ్ళీ వేస్తారు. కుక్కని కట్టేయాల్సిన పని కూడా లేదు.