పాత కార్ల పెయింట్ గట్టిదా, కొత్త కార్ల పెయింట్ పల్చనా?

రెండు_కార్లు
ఇంట్లో రెండు కార్లు, రెండూ సిల్వర్. ఒకటి 2007 మోడల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్. రెండోది 2023 ఎస్‌యూవీ, షోరూమ్‌లో కొన్నది. పాతదాని బానెట్ ఇప్పటికీ నిగనిగలాడుతోంది. కొత్తదానికి 14 నెలలకే బానెట్ ముందు అంచున 11 చోట్ల రంగు ఎగిరి లోపలి బూడిదరంగు కనిపిస్తోంది. పెయింట్ మందం కొలిచే మైక్రాన్ మీటర్ పెడితే పాత బానెట్ 185, కొత్తది 92. మూడు ప్రశ్నలు: 92 అంటే మరీ తక్కువా? చుక్కలకు టచప్ సరిపోతుందా, బానెట్ మొత్తం కొట్టించాలా? కొట్టిస్తే సిల్వర్ షేడ్ కలుస్తుందా?

పద్మిని_ప్రియుడు
నీళ్ల పెయింట్లు వచ్చాకే ఈ దరిద్రం. అంబాసిడర్, పద్మిని రోజుల్లో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ ఎనిమిది కోట్లు (పూతలు) కొట్టి, 1000 నంబర్ వాటర్ పేపర్ వేసి, చేత్తో రబ్బింగ్ కాంపౌండ్ పట్టిస్తే ముఖం చూసుకోవచ్చు. మెరుపు తగ్గిందా, మళ్లీ కాంపౌండ్. ఇప్పుడు పిట్ట రెట్ట పడితే మచ్చ, గుడ్డ పెడితే గీత. నీళ్లలో కలిపిన రంగు ఎంత గట్టిగా ఉంటుంది మరి?

గన్_1.3
పద్మిని గారూ, మీరు గుడ్డ పెట్టి తుడిచేది నీళ్ల పెయింట్‌ని కాదు. ఫ్యాక్టరీలో నీళ్లతో ఉండేది మధ్యలో రంగునిచ్చే బేస్ కోట్. దాని మీద కొట్టే రంగులేని పొర, క్లియర్, చాలా ప్లాంట్లలో ఇప్పటికీ సాల్వెంట్‌దే. గీత పడేది ఆ క్లియర్ మీద.

ఇక ఎన్‌సీ సంగతి. అది థిన్నర్ ఆవిరైతే ఆరుతుంది, అంతే. గట్టిపడే రసాయన చర్య ఏమీ లేదు. లీటర్ పెయింట్‌కి లీటర్ నుంచి లీటరున్నర థిన్నర్ పోసి కొడతాం, ప్యానెల్ మీద మిగిలే సరుకు కొంచెమే. అందుకే ఎనిమిది కోట్లు! ఎక్కువ కొట్టి గొప్ప చేయడం కాదు, వేరే దారి లేదు. పదేళ్ల తర్వాత కూడా థిన్నర్ గుడ్డ పెడితే రంగు గుడ్డకు వచ్చేస్తుంది. దాని మీద నేరుగా పీయూ (హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురేథేన్ పెయింట్) కొడితే కింద పొర ఉబ్బి ముడతలు పడుతుంది. పాత కారు తీసుకున్నవాళ్లు ముందు చేయాల్సిన పరీక్ష ఇదే: కనపడని అంచు మడతలో థిన్నర్ తడిపిన దూది అర నిమిషం ఆనించండి. రంగు అంటితే ఎన్‌సీ. రేకు దాకా తీసి ఎపాక్సీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టాల్సిందే.

పద్మిని_ప్రియుడు
> గట్టిపడే రసాయన చర్య ఏమీ లేదు
మరి అలాంటిది ఇరవై ఏళ్లు ఎలా నిలిచింది? ఏడాదికోసారి కాంపౌండ్ కొట్టడానికి లోపల సరుకు ఉంది కాబట్టి. మీ క్లియర్‌కి ఏటా కాంపౌండ్ కొట్టి చూడండి, నాలుగో ఏడు బేస్ బయటికొస్తుంది.

ల్యాబ్_కోటు
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. ఎన్‌సీ, డ్యూకో అంటే ఇప్పుడు మనకు అల్మరాలకు కొట్టే పెయింట్ గుర్తొస్తుంది గానీ, డ్యూకో అసలు 1920ల్లో కార్ల కోసం డ్యూపాంట్ తెచ్చిన పేరు. 1924 మోడల్ ఓక్లండ్ కార్ల మీద నీలిరంగులో మొదట వచ్చింది. అంతకుముందు కుంచెతో వార్నిష్‌లు పూసి, ఒక్కో పొర ఆరాక రుద్దుతూ వారాలు పట్టేది. డ్యూకో దాన్ని రోజులకు దించింది. అంటే ఎన్‌సీ వచ్చింది వేగం కోసం, మన్నిక కోసం కాదు.

ఇప్పటి ఫ్యాక్టరీ లెక్క చూడండి. రేకు మీద ఫాస్ఫేట్, దాని మీద కరెంటుతో అంటించే ఈడీ కోటు 18–22 మైక్రాన్లు. దాని మీద సర్ఫేసర్ అనే మధ్య పొర 30–35, బేస్ 12–18, క్లియర్ 35–45. మొత్తం వంద, నూట ఇరవై. కొత్త ప్లాంట్లు చాలావాటిలో సర్ఫేసర్‌ని, దాని ఓవెన్‌ని ఎత్తేశారు. రెండు బేస్ కోట్లు తడి మీద తడి కొట్టి, వెంటనే క్లియర్ కొట్టి, ఒకేసారి 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఒక ఓవెన్ తగ్గితే గ్యాస్, స్థలం, సాల్వెంట్ అన్నీ మిగులుతాయి. 80–100 మైక్రాన్లు వస్తే వాళ్ల లెక్కలో సరిగ్గానే ఉన్నట్టు. కాబట్టి 92 లోపం కాదు. కాకపోతే రాయి తగిలినప్పుడు దెబ్బను మింగేది ఆ సర్ఫేసరే. అది లేదు కాబట్టి చిప్స్ ఎక్కువ. నీళ్లను తిట్టకండి, తీసేసిన పొరను తిట్టండి.

పద్మిని_ప్రియుడు
అసలు విషయం ఎవరూ చెప్పరు. పాత రంగుల్లో సీసం ఉండేది. అందుకే ఎరుపు, పసుపు ఎండకు నిలిచేవి. గవర్నమెంటు సీసం నిషేధించింది, రంగులు వెలిసిపోతున్నాయి.

ల్యాబ్_కోటు
మీరనే నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబర్ నుంచి అమలు. సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న పరిమితి ఇళ్లకు, అలంకరణకు వాడే పెయింట్లకు. కార్ల పెయింట్ దాని కిందికి రాదు. లెడ్ క్రోమేట్ ఎండకు నిలిచేది, ఆ మాట నిజమే. కార్ల కంపెనీలు దాన్ని వదిలేసింది వేరే కారణాలకు, చాలా ముందే. పాత ఎరుపు కార్లు రోజా రంగుకి తిరగడం మర్చిపోయారా? క్లియర్ లేని ఎరుపుకి ఎండ నేరుగా తగిలేది. ఇప్పటి ఎరుపు నిలుస్తోందంటే పైన క్లియర్ ఉండబట్టే.

వైజాగ్_ఉప్పుగాలి
మెరుపు గురించి కొట్టుకుంటున్నారు గానీ తుప్పు మాట ఎవరైనా ఎత్తారా? ఈడీ ముంచడం లేని రోజుల్లో బీచ్ రోడ్డు పక్కన ఉండే కారుకి డోర్ అడుగు అంచు ముందు పోయేది. పైన రంగు అద్దంలా ఉన్నా లోపల్నుంచి రేకు తినేసేది. ఈడీ ట్యాంకులో బాడీ మొత్తం ముంచుతారు కాబట్టి గన్ చేరని పెట్టె సెక్షన్లలోకీ పొర వెళ్తుంది. నా దృష్టిలో వందేళ్లలో వచ్చిన అసలు మార్పు అదొక్కటే.

అయినా సముద్రం పక్కన ఉన్నవాళ్లు నెలకోసారి డోర్ అడుగున ఉండే నీటి రంధ్రాలు పుల్లతో కెలకండి. మట్టి పూడుకుంటే ఉప్పునీరు లోపలే నిలుస్తుంది, ఈడీ కూడా ఏం చేయలేదు. చిప్ సంగతికొస్తే, బూడిదరంగు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, అది ఈడీ, రేకు ఇంకా మూసే ఉంది. తళుక్కుమనే లోహం గానీ గోధుమరంగు చుక్క గానీ కనిపిస్తే ఆ వారమే మూయాలి.

తళతళ_స్టూడియో
పదిహేనేళ్లుగా ఇదే పని, కొన్ని వందల కార్లు చూశాం కాబట్టి చెబుతున్నా. క్లియర్‌లో యూవీని ఆపే మందు అంతా పై పొరలోనే ఉంటుంది. ఒక్కసారి కటింగ్ కాంపౌండ్ కొడితే అది పోయినట్టే. కొత్త కారు రాగానే సిరామిక్ కోటింగ్, 9హెచ్ గట్టిదనం. రాళ్లకు కూడా అదే మందు.

ల్యాబ్_కోటు
ఇందులో మూడు తప్పులు. ఒకటి, యూవీ అబ్జార్బర్‌ని క్లియర్ మొత్తంలో కలుపుతారు, పైన చల్లరు. క్లియర్ పల్చబడితే కిందికి దిగే యూవీ నేరుగా లెక్కలో కాదు, గుణకంలో పెరుగుతుంది. 40లో 8 పోతే ఐదో వంతు నష్టం అనుకోకండి, అంతకంటే ఎక్కువ. రెండు, 9హెచ్ అనేది పెన్సిల్ గీత పరీక్ష. 1–2 మైక్రాన్ల పొర 80 కిలోమీటర్ల వేగంలో వచ్చే కంకర రాయిని ఆపదు. రాళ్లకు పనికొచ్చేది పెయింట్ మీద అంటించే 150–200 మైక్రాన్ల పారదర్శక ప్లాస్టిక్ పొర, పీపీఎఫ్ ఫిల్మే. మూడు, ఒక్క కాంపౌండ్‌కే అంతా పోదు. కటింగ్ ప్యాడ్‌తో ఒక విడతకి 2–4 మైక్రాన్లు, ఫినిషింగ్ పాలిష్‌కి ఒకటి కూడా పోదు. మొత్తం జీవితకాలంలో 8 దాటకూడదని పెట్టుకోండి.

తళతళ_స్టూడియో
ల్యాబ్‌లో కూర్చుని చెప్పడం తేలిక సార్. మా దగ్గర కస్టమర్‌కి తేడా కళ్లకు కనిపిస్తుంది. కోటింగ్ వేసిన కారు మీద నీళ్లు ముత్యాల్లా జారతాయి.

గన్_1.3
ముత్యాలు 50 రూపాయల వ్యాక్స్‌కి కూడా జారతాయి. ఇంకో మాట. మీరు సిలికాన్ కలిసిన పాలిష్‌లు పట్టించి పంపితే ఆ కారు రీపెయింట్‌కి వచ్చినప్పుడు క్లియర్‌లో కళ్లు (గుండ్రటి చిన్న గుంతలు) పడతాయి. వ్యాక్స్ రిమూవర్‌తో రెండు గుడ్డలు వాడాలి: ఒకటి తడిపి తుడవడానికి, వెంటనే పొడిగుడ్డ తీయడానికి. ఒకే గుడ్డతో తిప్పితే సిలికాన్ అటు నుంచి ఇటు పూసినట్టే.

బోరు_నీళ్లు_హైదరాబాద్
గీ మైక్రాన్ల లొల్లి తర్వాత పెట్టుకోండి. హైదరాబాద్‌ల సగం కార్ల క్లియర్ ఖరాబయ్యేది బోరు నీళ్లతోని. ఎండల కడిగి గట్లనే వదిలేస్తే నీళ్లు ఎగిరిపోయి కాల్షియం ఉండిపోతది. ఎండకి వేడెక్కిన క్లియర్ మెత్తబడి ఆ తెల్ల మరకను పట్టుకుంటది. తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి, నీడల, చల్లటి ప్యానెల్ మీద నిమిషం ఉంచి కడగాలె. ఆరనియ్యొద్దు. గప్పటికీ గోరుకి గుంత తగిలితే మరక కాదు, క్లియర్ తిన్నట్టు. పిట్ట రెట్ట కూడా గంతే, గీకకండి, తడిగుడ్డ పది నిమిషాలు కప్పి తీయండి.

రెండు_కార్లు
అయ్యా, నా రెండో, మూడో ప్రశ్న...

గన్_1.3
వస్తున్నా తమ్ముడూ. 11 చుక్కలకు బానెట్ మొత్తం కొట్టించకు. ఫ్యాక్టరీలో 140 డిగ్రీల్లో కాలిన పొరని పేపర్ కొట్టి చెడగొట్టి, గ్యారేజీలో 60 డిగ్రీల్లో అరగంట ఆరబెట్టిన పొర పెట్టుకోవడం ఎందుకు? మనం 140 పెట్టలేం, ప్లాస్టిక్, వైరింగ్ కరిగిపోతాయి.

చుక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. లేచిన అంచుని టూత్‌పిక్‌తో తీసెయ్. లోహం కనిపిస్తే ఎపాక్సీ ప్రైమర్ ఒక చుక్క, లేకపోతే అక్కర్లేదు. కలర్ కోడ్‌తో కలిపించిన బేస్‌ని టూత్‌పిక్ మొనతో గుంత అడుగున పెట్టు, నింపకు. పదిహేను నిమిషాలకొకటి చొప్పున రెండు మూడు సార్లు. చివరికి క్లియర్ ఒక వెంట్రుకవాసి పైకి లేచేలా. వారం వదిలేసి 2000 పేపర్ చిన్న ముక్క సబ్బునీళ్లతో, తర్వాత పాలిష్. సీసా మూతకి వచ్చే బ్రష్‌తో పూస్తేనే అది మొటిమలా కనిపిస్తుంది.

షేడ్ మాట. సిల్వరే అన్నిట్లోకి కష్టం. ఒకే కోడ్‌కి నాలుగైదు వేరియంట్లు ఉంటాయి. పైగా గన్ చేతిని బట్టి మారుతుంది: తడిగా కొడితే రంగులోని లోహపు రేణువులు కిందికి మునిగి షేడ్ ముదురు, దూరం నుంచి పొడిగా కొడితే లేత. అందుకే ముందు కార్డు మీద కొట్టి, క్లియర్ వేసి, ఎండలో నిటారుగానూ పక్కనుంచీ కారు పక్కన పెట్టి చూడాలి. ట్యూబ్‌లైట్ కింద ఓకే చెప్పించుకుంటే బయటికి తీసిన రోజే గొడవ. కొట్టాల్సి వస్తే బేస్‌ని రెండు ఫెండర్ల మీదికి పల్చగా కలుపుకుంటూ పోయి, క్లియర్ మాత్రం మూడు ప్యానెళ్లకూ పూర్తిగా.

డల్లాస్_డెంటు
ఇక్కడ అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో, 2007 నుంచి యూరప్‌లో రిపేర్ షాపుల్లో కూడా సాల్వెంట్ మీద పరిమితి. యూరప్‌లో టాప్‌కోట్‌కి లీటర్‌కి 420 గ్రాములు. వాటర్ బేస్ ఆరడానికి గాలి కావాలి, వేడి కాదు. వానాకాలం మన కోస్తాలో కొడితే గంట కూర్చున్నా తడి మెరుపు పోయి మ్యాట్ కాదు. గాలి ఊదే వెంచురీ లేకుండా వాటర్ బేస్ మొదలుపెట్టకండి.

పద్మిని_ప్రియుడు
వానాకాలం అన్నారు కదా, ఎన్‌సీ తెల్లబారితే నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ ఒక పదో వంతు కలిపితే సరిపోయేది. మీ పీయూకి ఏముంది?

గన్_1.3
పీయూకి కంప్రెసర్ నీళ్లు తీయడం ఉంది. ట్యాంకు అడుగు వాల్వ్ పొద్దున తిప్పకుండా గన్ పట్టుకుంటే పొక్కులే. పొక్కులకి ఇంకో కారణం లప్పం మీద వాటర్ పేపర్ కొట్టడం. పాలిస్టర్ లప్పం స్పాంజి లాంటిది, నీళ్లు తాగి కూర్చుంటుంది. మన ఆటోనగర్లలో దుమ్ము లేవకూడదని ఇప్పటికీ నీళ్లతోనే కొడుతున్నారు. డ్రైగా 80, 180, 320 నంబర్ పేపర్లు కొట్టాలి. లప్పంలో హార్డెనర్ వందకు రెండు, మించితే మూడు. ఎర్రగా కనిపించేదాకా పిండితే ఆ రంగు పైకి మరకలా వస్తుంది.

డల్లాస్_డెంటు
పీయూ కొట్టేవాళ్లకి ఒక్క మాట. హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, వాసన తెలియదు, ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే జీవితాంతం ఆస్తమా. మూతికి కర్చీఫ్ కట్టుకోవడం దుమ్ముకే. బయటి గాలి పైపుతో వచ్చే మాస్కు కావాలి.

మీటర్_చూడు
పైనుంచి కింద దాకా చదివా. అందరూ 92 మీదే పడ్డారు. 185 ఎవరికీ కనపడలేదా? 2007 హ్యాచ్‌బ్యాక్ ఫ్యాక్టరీ నుంచి 185తో రాదు. రెండు_కార్లు గారూ, మీటర్‌ని ముందు ఉత్త రేకు ముక్క మీద జీరో చేసి, దానితో వచ్చిన ఫిల్మ్ పెట్టి సరిచూసుకుని, పాత కారు టాప్, నాలుగు డోర్లు కొలవండి.

రెండు_కార్లు
చేశాను. జీరో తేడా 2 మైక్రాన్లే. టాప్ 103. డోర్లు 106, 104, 108, 105. బానెట్ మళ్లీ 183. టాప్ మీద క్లియర్ మసకబారి ఉంది, ఇన్నాళ్లూ దుమ్మనుకున్నా.

మీటర్_చూడు
బానెట్ ముందు ఓనరెవరో కొట్టించారు. మీరు పోల్చింది 2007 ఫ్యాక్టరీని 2023 ఫ్యాక్టరీతో కాదు.

పద్మిని_ప్రియుడు
అంటే గ్యారేజీ పెయింటే గెలిచింది! ఎనిమిది కోట్ల ఎన్‌సీ!

గన్_1.3
గెలిచింది ఏదో తేల్చుకుందాం. తమ్ముడూ, బానెట్ అంచు మడతలో థిన్నర్ దూది.

రెండు_కార్లు
అర నిమిషం ఆనించా. దూది తెల్లగానే ఉంది.