ఎలక్ట్రాన్ల అవక్షేపమా, వానా, పాతమా?

సభ్యులకు నమస్కారం. అంతరిక్షంలోని అధికశక్తి ఎలక్ట్రాన్లు ధ్రువప్రాంతాల పై గాలిలోకి వచ్చి పడటాన్ని తెలుగులో ఏమనాలన్న ప్రశ్నకు ఇక్కడ మూడు సూచనలు వచ్చాయి: అవక్షేపం, ఎలక్ట్రాన్ల వాన, అవపాతం. అక్కడ నిజంగా జరిగేదేమిటో చూడకుండా వీటిలో ఒకదాన్ని ఎంచుకోలేమని నా అభిప్రాయం.

ఈ ఎలక్ట్రాన్లు సూర్యుడి నుంచి బయలుదేరి నేరుగా ధ్రువాల మీద పడేవి కావు. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాల వలయాలు మన గ్రహం చుట్టూ ఉన్నాయి. 1958లో ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహం పంపిన కొలతల ఆధారంగా జేమ్స్ వాన్ అలెన్ వాటిని గుర్తించినందువల్ల వాటికి ఆయన పేరే స్థిరపడింది. అందులోని ఎలక్ట్రాన్లు బలరేఖల చుట్టూ మెలికలు తిరుగుతూ ఉత్తరార్ధగోళానికీ దక్షిణార్ధగోళానికీ మధ్య రాకపోకలు సాగిస్తాయి. భూమిని సమీపించేకొద్దీ క్షేత్రం బలపడి వాటిని వెనక్కి మళ్లిస్తుంది. అయితే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం, అంటే సౌరపవనం, ఉద్ధృతమైనప్పుడు ఆ ప్రాంతంలో పుట్టే విద్యుదయస్కాంత తరంగాలు కొన్ని ఎలక్ట్రాన్ల గమనదిశను కొద్దిగా మార్చివేస్తాయి, అలా దిశ మారినవి వెనుదిరగవలసిన ఎత్తులో వెనుదిరగక వాతావరణంలోకి చొచ్చుకువస్తాయి. బయటి వలయాన్ని దాటివచ్చే బలరేఖలు ధ్రువాల సమీపంలోనే భూమిని చేరతాయి కనుక ఇది అక్కడే జరుగుతుంది. తెలుగు నేల మీదుగా పోయే బలరేఖలు అంత దూరం వెళ్లవు.

ఇక మాటల సంగతి. ‘అవక్షేపం’ మన రసాయనశాస్త్ర పాఠాల్లో ద్రావణం నుంచి వేరుపడి అడుగున చేరే ఘనపదార్థానికి స్థిరపడిన పేరు. ఇంగ్లీషులో ఈ ఘనపదార్థం వేరుపడటానికీ ఎలక్ట్రాన్లు పడటానికీ ‘ప్రెసిపిటేషన్’ అనే ఒకే మాట ఉండటం ఆ భాష అలవాటు. ఆ బరువును మనం మోయనవసరం లేదు. ‘వాన’ అందమైన మాటే, పిల్లల కోసం రాసేటప్పుడు నేనూ కాదనను. కానీ వాన నేలను తడుపుతుంది. ఈ ఎలక్ట్రాన్లలో ఏదీ నేలకు చేరదు: ధ్రువకాంతులను వెలిగించే తక్కువ శక్తి ఎలక్ట్రాన్లు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తునే ఆగిపోతే, వాటికన్నా ఎన్నో రెట్లు శక్తి కలిగిన వలయాల ఎలక్ట్రాన్లు ఇంకా లోతుకు, 90 నుంచి 60 కిలోమీటర్ల మధ్యకు దిగి గాలి అణువులను ఢీకొని తమ శక్తిని పోగొట్టుకుంటాయి. ‘అవపాతం’ వీటికన్నా దగ్గరిదే గాని, భూగోళశాస్త్రంలో వాన, మంచు, వడగళ్లు అన్నింటికీ కలిపి వాడే మాట అది. ధ్రువాల గురించిన వ్యాసంలో హిమపాతం ప్రసక్తి కూడా తప్పదు కాబట్టి పాఠకుడు తడబడతాడు.

నేను ‘ఎలక్ట్రాన్‌పాతం’ వైపు మొగ్గుతున్నాను. దీనికి ఆధారం ‘ఉల్కాపాతం’. ఉల్కలు కూడా చాలావరకు 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున గాలిలోనే ముగిసిపోతాయి. అంటే పైనుంచి పడి, నేలకు చేరకుండా, ఇంచుమించు అదే పొరలో అంతమయ్యేదాన్ని తెలుగువాడు ఇదివరకే ‘పాతం’ అని పిలుస్తున్నాడు. ‘పతనం’ అనకపోవడమే మంచిది. ఆ మాటకు రాజ్యాల, మనుషుల దిగజారుడు అంటుకుపోయింది.

ఒక సభ్యురాలి ప్రశ్న: ఎలక్ట్రాన్ అన్యదేశ్యం, పాతం సంస్కృతం. ఇది వైరిసమాసం కాదా అండీ? అదీ కాక, ఈ ఎలక్ట్రాన్ల వల్ల ఓజోన్ తగ్గుతుందని చదివాను. ఆ ఓజోన్ నష్టం చాలా కిందనే జరుగుతుందంటారు కదా. 60 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయినవి అక్కడికి ఎలా చేరతాయి? ఆ రెండో దశకు కూడా పాతమనే అనాలా?

నా జవాబు: రైలుమార్గం, పోలీసుశాఖ వంటివి వాడుకలో కుదురుకున్నాయి కనుక మొదటిదానికి భయపడనక్కరలేదమ్మా. మీ రెండో ప్రశ్నే అసలైనది, ఎందుకంటే కిందికి చేరేది ఎలక్ట్రాన్లు కావు. అవి గాలి అణువులను విడగొట్టినప్పుడు రెండు రకాల పదార్థాలు పుడతాయి. హైడ్రాక్సిల్ వంటివి గంటల్లోనే కరిగిపోతాయి, అయినా ఆ కొద్ది వ్యవధిలోనే పుట్టినచోట ఓజోన్‌ను దెబ్బతీస్తాయి; 2014లో వెలువడిన ఒక పరిశోధన, ఉపగ్రహాల కొలతల ఆధారంగా, 60 నుంచి 80 కిలోమీటర్ల మధ్య ఓజోన్ కొద్ది రోజులపాటు 90 శాతం వరకు తగ్గగలదని చూపింది. రెండోవి నైట్రోజన్ ఆక్సైడ్లు. వీటిని విచ్ఛిన్నం చేసేది ప్రధానంగా సూర్యకాంతి. నెలల తరబడి సూర్యుడు కనిపించని ధ్రువరాత్రిలో అవి చెక్కుచెదరకుండా నిలిచి, ధ్రువాన్ని చుట్టుకున్న గాలి సుడిలో వారాలు, నెలలపాటు నెమ్మదిగా సుమారు 50 కిలోమీటర్లకు దిగువనున్న స్ట్రాటోస్ఫియర్ అనే పొరకు చేరి, అక్కడ ఓజోన్‌ను విడగొట్టి, తాము మాత్రం అరిగిపోకుండా మళ్లీ అదే పనికి సిద్ధమవుతాయి. 2003 శరత్తులో వచ్చిన పెద్ద సౌర తుపానుల తరువాత, సుడి బలంగా ఉన్న ఆ శీతాకాలం ముగిసేసరికి, 2004 వసంతంలో ఆర్కిటిక్ పైన స్ట్రాటోస్ఫియర్ ఎగువ భాగంలో ఓజోన్ 60 శాతం వరకు తగ్గినట్టు నమోదైంది. దీన్ని అంటార్కిటికా ఓజోన్ రంధ్రంతో కలపకూడదు. అది ఇంకా దిగువన, మనుషులు తయారుచేసిన క్లోరిన్ సమ్మేళనాల వల్ల ఏర్పడేది.

కాబట్టి రెండో దశకు ‘అవరోహణ’ అందాం. ఎలక్ట్రాన్ రెప్పపాటులో పడిపోతుంది, వాయువు ఒక్కో పొరా దాటుతూ దిగుతుంది. రెండింటికీ పాతమనే రాస్తే, ఈ ప్రభావం శీతాకాలపు చీకటి మీద, సుడి బలం మీద ఆధారపడి ఉంటుందన్న ముఖ్య విషయం విద్యార్థికి అందకుండాపోతుంది. ‘నైట్రోజన్ ఆక్సైడ్ల అవరోహణ’ అన్న ప్రయోగానికి సభ్యుల్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటే కారణంతో సహా రాయండి.